స్టెంట్ వేసినా రక్తం పారలేదంటే డాక్టర్ తప్పేనా?

గుండెపోటు వచ్చిన మీ బాపుకు స్టెంట్ వేసి గుండె పెద్ద నాళం తెరిచినా కింది సన్న నాళాల్లోకి రక్తం పోలేదన్నారని, దీన్ని ముందే ఆపే వీలు లేకపోయిందా అని అడిగారు. నేను హన్మకొండలో క్యాథ్ ల్యాబ్ (యాంజియో తీసి, స్టెంట్లు వేసే గది) టెక్నీషియన్‌ని. ఆయన యాంజియో నేను చూడలేదు, కాబట్టి మా టేబుల్ మీద జరిగేదే చెప్తా.

దీన్ని నో రీఫ్లో అంటాం. ఎస్సారెస్పీ కాల్వకు తూము ఎత్తినా పిల్లకాల్వల్లో చెత్త అడ్డం పడితే మడి తడవదు కదా, అట్లన్నమాట. మూసుకున్న నాళం తెరవడానికి లోపల చిన్న బెలూన్ ఊదగానే రక్తపు గడ్డ ముక్కలు కిందికి కొట్టుకుపోయి ఇరుక్కుంటాయి. అదొక్కటే అయితే బాగుండు. గంటల తరబడి రక్తం అందక ఆ నాళాల గోడలే ఉబ్బి, బిగుసుకుపోయి ఉంటాయి. స్క్రీన్ మీద స్టెంట్ చక్కగా విచ్చుకుని కనబడుతుంది, నాళాలు కనబడటానికి ఎక్కించే డై మాత్రం సగం దూరం పోయి నిలబడిపోతుంది. అప్పుడు సన్న గొట్టం కిందిదాకా దించి సన్న నాళాలు విప్పారేలా అడినోసినో నైట్రోప్రుసైడో అనే మందు ఇస్తారు. అడినోసిన్ పడగానే గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ కొద్ది క్షణాలు అందరి కళ్లూ మానిటర్ మీదే. కొందరికి పారుతుంది, కొందరికి పారదు.

గడ్డను ముందే పీల్చేయొచ్చుగా అంటారు. ఒకప్పుడు చాలాచోట్ల అదే చేసేవారు. 2013లో టేస్ట్, 2015లో టోటల్ అనే పెద్ద ట్రయల్స్ (రోగుల మీద చేసే పరిశోధనలు) వచ్చాక, అందరికీ పీల్చడం వల్ల అదనంగా ప్రాణాలు దక్కట్లేదని తేలింది. టోటల్‌లోనైతే పక్షవాతం కేసులు కాస్త పెరిగాయి. ఇప్పుడు గడ్డ మరీ పెద్దదైతేనే ఆలోచిస్తారు. గుండె దెబ్బ తగ్గుతుందేమోనని చేతికి బీపీ పట్టీ బిగించి వదిలే ఉపాయం కూడా 2019 నాటి ట్రయల్‌లో పనిచేయలేదు.

నన్నడిగితే, సన్న నాళాల సంగతి సగం మా గది తలుపు దాటకముందే తేలిపోతుంది. అర్ధరాత్రి నొప్పికి గ్యాస్ గోలీ, తర్వాత ఆర్‌ఎంపీ సూది, తెల్లారినంక ఆటో. ఏటూరునాగారం దిక్కు నుంచైతే దారే గంటలు తింటుంది. 108కు చేసి, దగ్గరి సర్కారు దవాఖానలో ఈసీజీ తీయించాలి. రెండు గంటల్లో బెలూన్ దాకా చేరలేమనిపిస్తే, ఇవ్వకూడని కారణం లేనివాళ్లకు గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ అక్కడే ఇచ్చి ఇటు పంపడం మేలు.

ఇక మీ బాపు విషయం. డిశ్చార్జ్ కాగితంలో ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం బయటికి నెడుతోందో చెప్పే లెక్క) ఎంత రాశారో చూడండి. దెబ్బతిన్న కండరం కొంత మొద్దుబారి ఉంటుంది, కొన్ని వారాల్లో కోలుకోవచ్చు. అందుకే నెలన్నరకు మళ్లీ ఎకో (గుండె స్కాన్) తీయించండి. ఈలోపు ఆయాసం, కాళ్ల వాపు కనబడితే ఆ తేదీ కోసం ఆగొద్దు. రక్తం పలచబడే గోలీలు డాక్టర్ చెప్పకుండా ఒక్కపూట కూడా ఆపనివ్వకండి.