సూది సంగతి సరే, పాప పేరు ఇన్సూరెన్స్‌లో ఎక్కించారా?

ప్రశ్న: న్యూజెర్సీ వచ్చి ఏడాదైంది. మా పాపకి 23 రోజులు. ఆర్‌ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకి పట్టే వైరస్) రాకుండా యాంటీబాడీ సూది వేయిస్తారా అని డాక్టర్ అడుగుతున్నారు. ఈమధ్యే వచ్చిన మందట, మన పిల్ల మీద టెస్టింగ్ చేస్తున్నారేమో అని మావారి భయం. ఏం చేయమంటారు?

జవాబు: వేయించండమ్మా. కానీ ముందు నా గొడవ వినండి.

2008 డిసెంబర్‌లో మా పెద్దదానికి ఆరు వారాలు. రెండు రోజులు ముక్కు కారింది. తెనాలి నుంచి అమ్మ ఫోన్లో చెప్పినట్టే వాము మూటతో కాపడం పెట్టాను. మూడో రాత్రి పాలు తాగడం మానేసింది. పిల్లికూతలు, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు ఎగరేస్తోంది. మంచులో హవాయి చెప్పులతోనే ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఆర్‌ఎస్‌వీ అన్నారు, నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. పిల్ల కోలుకుంది, మేమే కోలుకోలేదు. బిల్లు 18,400 డాలర్లు! రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదని అప్పటికి తెలియదు.

తప్పు మాదే. చాలా కంపెనీల్లో బిడ్డ పుట్టిన 30 రోజుల్లోపే హెచ్‌ఆర్‌కి చెప్పి ఇన్సూరెన్స్‌లో పేరు ఎక్కించాలి. కాన్పైన చోట పేరు రాసుకున్నారుగా, అదే ఎక్కుతుందిలే అనుకున్నాం. బతిమాలితే కొంత తగ్గించారు. మిగతాది మూడేళ్లు నెలనెలా కట్టాం. అత్తగారు వచ్చినప్పుడు ఆ కవర్లు కంటపడకుండా బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. అయినా ఎవరి ముందూ చేయి చాపలేదు.

ఇక మీవారి టెస్టింగ్ భయం. మా రోజుల్లో ఉన్న సూది చలికాలమంతా నెలనెలా వేయాల్సి వచ్చేది. అదీ నెలలు తక్కువ పుట్టినవాళ్లకీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకే. మీ డాక్టర్ చెప్పేది నిర్సెవిమాబ్ అయ్యుంటుంది, బేఫోర్టస్ పేరుతో వస్తుంది. ఇది టీకా కాదు, వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీనే తయారుగా ఒంట్లోకి ఎక్కిస్తారు. ఒంట్లో తొందరగా తగ్గిపోకుండా దాన్ని కాస్త మార్చారు, అందుకే ఒక్క సూది ఐదు నెలలు కాపు కాస్తుంది. దీన్ని ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్లలో 8,058 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. సగం మందికి వేశారు, సగం మందికి వేయలేదు. వేసినవాళ్లలో 11 మంది ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరారు, వేయనివాళ్లలో 60 మంది. అమెరికాలో 2023 జూలైలో అనుమతి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు మీరే ఆర్‌ఎస్‌వీ టీకా వేయించుకుని ఉంటే పాపకి మామూలుగా అక్కర్లేదు. మిగతా రూల్స్ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సైట్లో ఉంటాయి, చదువుకున్నవాళ్లేగా!

డబ్బు సంగతి మాత్రం మీరు అడగనే లేదు. కొత్తలో దీని ధర 495 డాలర్లు. చాలా ఇన్సూరెన్సులు మన చేతి డబ్బు పడకుండా ఇస్తాయి, కానీ డాక్టర్ ఇన్-నెట్‌వర్క్‌లో, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్లలో, ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి 90380 కోడ్ కవరవుతుందా అని అడగండి, 5 కిలోల లోపు పిల్లల డోసు కోడ్ అది. ఎవరితో మాట్లాడారో, ఏ తేదీనో రాసిపెట్టుకోండి. తర్వాత మాట మారుస్తారు.

వాటన్నిటికంటే ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. పాపకి 23 రోజులన్నారు. మీరు రాసి అప్పుడే మూడు రోజులైంది.