మా అబ్బాయి చేసిన తప్పేమిటి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పోటీ పరీక్ష రాశాడు. వాడికంటే తక్కువ మార్కులు వచ్చిన అభ్యర్థికి రిజర్వేషన్ కింద ఉద్యోగం వచ్చింది, వాడికి రాలేదు. మా పూర్వీకుల సంగతి నాకు తెలియదు గాని మా వాడు ఎవరికీ అన్యాయం చేయలేదు. వాడెందుకు నష్టపోవాలి? ఇలా తక్కువ మార్కులవారిని తీసుకుంటే పనితీరు దెబ్బతినదా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదు. ఈ మాటను షరతులు లేకుండా చెప్పాలి, ఎందుకంటే రిజర్వేషన్లను సమర్థించేవారిలోనే కొందరు వాటిని తాతల పాపానికి మనుమలు కట్టే జరిమానాగా వర్ణిస్తారు. ఆ సమర్థన నిలవదు. ప్రభుత్వ కొలువు చదువుకు ఇచ్చే బహుమతి అయితే ఎక్కువ మార్కులవారికి ఇవ్వడంతో న్యాయం పూర్తయ్యేది. అది ప్రజలందరి సొమ్ముతో నడుస్తూ, ప్రజలందరి మీద అధికారం చెలాయించే బాధ్యత కనుక అందులో ఎవరికి ఎంత భాగం ఉండాలన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే అవుతుంది.

వరంగల్ ప్రాంతం వారికి ఈ వాదన కొత్తది కాదు. స్థానికేతరులు దొంగ ముల్కీ పత్రాలతో (స్థానికులని చూపే ధ్రువపత్రాలతో) ఉద్యోగాల్లో చేరుతున్నారంటూ 1952లో మొదట వీధుల్లోకి వచ్చింది వరంగల్ విద్యార్థులే. 1969లో స్థానికులకే ఉద్యోగాలన్న డిమాండ్ మరింత ఉధృతంగా లేచింది. 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణ ఉద్యోగాల్లో స్థానికులకు వాటా ఇచ్చే వీలు కల్పించిన 371-డి అధికరణాన్ని తెచ్చింది, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు కొలువుల్లో స్థానికుల వాటాను నిర్ణయించాయి, 2018 ఉత్తర్వులతో ఆ వాటా 95 శాతానికి చేరింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అడిగిన కాలంలో, పక్క ప్రాంతం అభ్యర్థికి నాలుగు మార్కులు ఎక్కువ వస్తే ఉద్యోగం అతనికే ఇవ్వండని మనలో ఎవరూ అనలేదు. బడులూ కాలేజీలూ ఆలస్యంగా వచ్చిన చోట పెరిగిన పిల్లలను, అవి ముందే వచ్చిన చోట పెరిగిన పిల్లలతో ఒకే తక్కెడలో తూచవద్దన్నాం. మన వరంగల్ నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం విద్యార్థులకు కేటాయిస్తారు, ఆ కోటాలో చేరిన మన పిల్లవాడి ర్యాంకు బయటి రాష్ట్రం అభ్యర్థి ర్యాంకు కంటే వెనుక ఉన్నా దాన్ని ఎవరూ అన్యాయమనరు. పుట్టిన ప్రాంతం ఇందుకు తగిన కారణం అయినప్పుడు, తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కులం అంతకంటే బలమైన కారణం కాకుండా ఎలా పోతుంది? ఊరు విడిచి వెళ్లినవాడిని ప్రాంతం వెంటాడదు, కులం మాత్రం వెంట వస్తుంది.

రిజర్వేషన్ల వల్ల పనితీరు దెబ్బతింటుందన్న భయం కూడా మీ ఉత్తరంలో కనిపించింది. అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వేల లెక్కలు తీసి పరిశీలించినప్పుడు, రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు.

అలాగని దీనికి హద్దులు లేవని కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న సూత్రం నాకు అర్థమవుతుంది. ఏటూరునాగారం అడవుల్లో కోయ భాష తప్ప మరొకటి రాని ఆరేళ్ల పిల్లకు ఆ భాష తెలిసిన టీచరే దక్కకపోతే ఆమెకు జరిగే నష్టాన్ని ఆ తీర్పు తగినంతగా పట్టించుకోలేదని కూడా నేను అనుకుంటున్నాను.

మీ కోపాన్ని తప్పుపట్టను, కాని దాని దిశ మార్చుకోమంటాను. మీ అబ్బాయికి ఉద్యోగం రానప్పుడు కనిపించేది పక్కనున్న అభ్యర్థి ఒక్కడే. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ లేకుండా ఖాళీగా పడి ఉన్న కుర్చీలు ఎవరి కంటా పడవు.

ప్రశ్న: మేము షెడ్యూల్డ్ కులానికి చెందినవాళ్లం. నేను గెజిటెడ్ అధికారిని, మా అమ్మాయి హైదరాబాద్‌లో మంచి ప్రైవేటు బడిలో చదివింది. మా చిన్నాయన కొడుకు ఊళ్లో కూలికి పోతాడు, అతని బిడ్డ కూడా అదే పరీక్ష రాస్తోంది. మా అమ్మాయి రిజర్వేషన్ వాడుకోవడం ధర్మమేనా?
– పేరు వేయవద్దన్న పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీ మీద గౌరవం పెరిగింది. చట్టం వరకు చూస్తే అడ్డు లేదు. 1992 నాటి ఇంద్రా సహానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంపన్న శ్రేణి (బాగా స్థిరపడిన కుటుంబాలను రిజర్వేషన్ నుంచి మినహాయించే) నియమం వెనుకబడిన తరగతులకే వర్తిస్తుంది. 2024 ఆగస్టు 1న ఎస్సీలను ఉపవర్గాలుగా విభజించవచ్చన్న వర్గీకరణ తీర్పు వెలువరించిన ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో నలుగురు ఎస్సీలలోనూ సంపన్న శ్రేణిని గుర్తించాలని అభిప్రాయపడ్డారు గాని కేంద్రం అందుకు ఒప్పుకోలేదు.

ధర్మం సంగతికి వస్తే, రిజర్వేషన్‌కు రెండు లక్ష్యాలున్నాయి. ఒకటి కుల వివక్షకు విరుగుడు, రెండోది లేమిలో ఉన్నవారికి చేయూత. మీ జీతం చీటీ చూసి బ్యాంకు అప్పు ఇస్తుంది, అదే జీతంతో ఇల్లు అద్దెకు అడిగితే యజమాని నోట మొదట వచ్చే మాట “మీరేం కులపోళ్లు?” అన్నదే కావచ్చు. మొదటి లక్ష్యం మీ అమ్మాయికి ఇంకా వర్తిస్తుంది, రెండోది వర్తించదు.

ఆచరణలో ఒక విషయం తెలుసుకోవాలి. వయసు వంటి సడలింపులేవీ వాడుకోకుండా ఓపెన్ కేటగిరీకి సరిపడా మార్కులు తెచ్చుకుంటే ఆమెను ఓపెన్‌లోనే లెక్కించాలి, ఏ పోస్టు ఏ వర్గానికో రాసి ఉంచే రోస్టర్ రిజిస్టర్‌లో ఎస్సీ పాయింటు (ఎస్సీలకు కేటాయించిన స్థానం) ఆమె పేరుతో నిండదు, అది మరొకరికి మిగులుతుంది. 1995లో సభర్వాల్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఇదే. మార్కులు తగ్గి, ఆమె రిజర్వేషన్ వదులుకుంటే ఏమవుతుంది? ఆ పోస్టు జాబితాలో తర్వాతి ఎస్సీ అభ్యర్థికి పోతుంది, ఆ అభ్యర్థి మరో అధికారి కూతురే కావచ్చు. మీ తమ్ముని బిడ్డకు అది చేరుతుందన్న భరోసా ఏమీ లేదు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన వర్గీకరణ ఎస్సీల 15 శాతం వాటాను మూడు గ్రూపుల కులాలకు 1, 9, 5 శాతాలుగా పంచింది గాని, మీ రెండు ఇళ్లదీ ఒకే కులం కనుక మీ మధ్య ఉన్న తేడాను అది కూడా చూడదు.

అందువల్ల త్యాగం మీ అమ్మాయి చేయవలసిన పని అని నేననుకోను, నియమం మార్చవలసినది ప్రభుత్వం. ఇంట్లో మొదటి తరం చదువుకున్నవారికి ముందుగా ఇచ్చి, వారు దొరకని చోట అదే కులంలోని మిగిలినవారికి ఇచ్చే పద్ధతి ఉండాలి. మీలాంటివారిని పూర్తిగా తొలగిస్తే పోస్టులు నిండకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఈలోగా మీ చేతిలో ఉన్నది ఒకటుంది. మీ అమ్మాయి చదివిన నోట్సులు, రాసిన మాక్ టెస్టులు, హైదరాబాద్‌లో మీ ఇంట్లో ఒక గది పరీక్ష అయ్యేదాకా ఆ బిడ్డకు ఇవ్వండి.

ప్రశ్న: మాది పదిహేను మంది పనిచేసే చిన్న సంస్థ. మాకు రిజర్వేషన్ చట్టం లేదు. నియామకాల్లో మేము కులం గురించి ఆలోచించాలా?
– ఒక యజమాని, కరీంనగర్

జవాబు: ఆలోచించాలి, వివక్ష మనకు తెలియకుండానే పనిచేస్తుంది కనుక. సుఖదేవ్ థొరాట్, పాల్ అటువెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు కులాలు సూచించే పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. దళిత పేర్లున్న వాటికి పిలుపులు తక్కువగా వచ్చాయని 2007లో ప్రచురించారు. మీరు దరఖాస్తుల మొదటి వడపోతకు ముందే పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కనిపించకుండా చేయించండి. ఇంటర్వ్యూలో “ఎవరి పిల్లవాడివి?” అని అడగడం మానండి. తెలిసినవారి సిఫారసుతో మనిషిని తీసుకునే అలవాటు ఉంటే, ప్రతి ఖాళీకీ బహిరంగ ప్రకటన ఇచ్చి, ఆ ప్రకటనను ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఐటీఐ, గురుకుల కళాశాలల నోటీసు బోర్డుల దాకా పంపండి.