మసాలా రాలుతోంది, చేప ఎండిపోతోంది

ప్రశ్న: ఆఫీసు నుంచి రాగానే ఎయిర్ ఫ్రయర్‌లో బ్లాకెన్డ్ ఫిష్ చేస్తున్నాను. 180 డిగ్రీల్లో 15 నిమిషాలు పెడితే మసాలా పొడిపొడిగా రాలుతోంది, చేప పీచులా అవుతోంది. తప్పెక్కడ?

జవాబు: మీరు పెట్టే వేడి తక్కువ, సమయం ఎక్కువ. బ్లాకెన్డ్ ఫిష్ 1980ల్లో అమెరికాలోని లూసియానా షెఫ్ పాల్ ప్రుడోమ్ పేరు తెచ్చిన వంట. చేపను కరిగిన వెన్నలో ముంచి, మసాలా అద్ది, బాగా కాలిన ఇనప పెనం మీద వేస్తారు. వెన్నా మసాలా కలిసి మాడితేనే ఆ నలుపు. ఎయిర్ ఫ్రయర్‌లో అంత రాదు, ముదురు గోధుమ రంగు చాలు.

ముళ్లు తీసిన 400 గ్రాముల తిలాపియా ముక్కలకు రెండు చెంచాల పాప్రికా (కాశ్మీరీ కారమైనా సరే), చెంచా చొప్పున వెల్లుల్లి పొడి, ఉల్లిపొడి, అర చెంచా చొప్పున మిరియాల పొడి, మామూలు కారం, ఎండు థైమ్ (సువాసన ఆకు), ముప్పావు చెంచా ఉప్పు. ముక్కల తడి పూర్తిగా తుడవండి. తడి ఉంటే ఆవిరికి ఉడుకుతాయి, వేగవు. రెండు పెద్ద చెంచాల వెన్న పట్టించాకే మసాలా అద్ది, వేళ్లతో నొక్కండి. పొడి అంటుకోకపోతే ఫ్యాన్ గాలికి లేచి కాయిల్ మీద మాడి పొగ వస్తుంది.

200 డిగ్రీల్లో 5 నిమిషాలు ముందే వేడి చేసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. రెండు సెంటీమీటర్ల మందానికి 8 నుంచి 10 నిమిషాలు. తిప్పొద్దు, విరుగుతాయి. ఫోర్కు గుచ్చితే రేకులుగా విడివడి, లోపల తెల్లబడితే తీసేయండి. నిమ్మరసం వడ్డించేటప్పుడే.