స్లాట్‌లో పట్టింది, సిస్టమ్‌లో కనబడదేం?

ప్రశ్న: నమస్తే సార్. నరసన్నపేటలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం విశాఖలో సెకండ్ హ్యాండ్ వర్క్‌స్టేషన్ కొన్నాను. 2012 నాటి ఇంటెల్ జియాన్ ఈ5 ప్రాసెసర్ మోడల్, రెండు ప్రాసెసర్లు పట్టేది కానీ ఉన్నది ఒకటే. మొన్న ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బాగా వేగంగా నడిచే రకం డిస్క్) పెట్టుకునే అడాప్టర్ కార్డు, యూఎస్‌బీ 3.0 కార్డు తెచ్చి కింద ఖాళీగా ఉన్న స్లాట్లలో పెడితే రెండూ కనబడలేదు. మెకానిక్ చూసి ‘బోర్డు పోనాదండి’ అంటున్నాడు. శ్రావణం ముహూర్తాలు నెత్తిమీదున్నాయి, ఒకటే టెన్షన్. బోర్డు మార్చేయమంటారా?

జవాబు: మార్చొద్దండి. ఒక పూట ఓపిగ్గా కూర్చుని ఇవి చూశాక కూడా పని జరక్కపోతే అప్పుడు ఆలోచిద్దాం. రెండు ప్రాసెసర్ల బోర్డులో ఒకటే ఉందని మీరు మాటల్లో మాటగా రాశారు చూడండి, నా అనుమానమంతా అక్కడే. ఆ తరం జియాన్‌లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు, అంటే స్లాట్లలోని కార్డులకి డేటా వెళ్లే దారులు, చాలావరకు నేరుగా ప్రాసెసర్ నుంచే వస్తాయి, ఒక్కోదానికి 40 చొప్పున. అంటే బోర్డు మీద కొన్ని స్లాట్లు మొదటి ప్రాసెసర్‌వి, కొన్ని రెండోదానివి. రెండోది లేనప్పుడు దాని స్లాట్లలో ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఉలకదు పలకదు, కాలవకి నీళ్లు వదలకపోతే మడి ఎంత బాగా దున్నినా తడవదు కదా. ఏ స్లాట్ ఎవరిదో పక్క డోరు లోపలివైపు స్టిక్కర్ మీద బొమ్మ వేసి ఉంటుంది, స్టిక్కర్ ఊడిపోతే ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కార్డులు రెండూ ఒకేసారి పెట్టకండి. పవర్ కేబుల్ పూర్తిగా పీకేసి ఒక్క కార్డే మొదటి ప్రాసెసర్ స్లాట్‌లోకి మార్చి చూడండి, అది కనబడ్డాకే రెండోది.

స్లాట్ పొడుగు చూసి కూడా మోసపోవద్దు. ఎక్స్ 16, అంటే 16 లేన్లకి సరిపడే పొడుగున్న ప్రతి స్లాట్‌కీ 16 లేన్లు ఉండవు. ఫోన్ టార్చ్ వేసి స్లాట్ లోపలికి చూడండి, బంగారు రంగు పిన్నులు ఒక చివర నుంచి మొదలై మధ్యలోనే ఆగిపోయి మిగతాదంతా ఖాళీ ప్లాస్టిక్ కనబడితే, అది చూడ్డానికే పెద్ద స్లాట్, లేన్లు మాత్రం నాలుగో ఎనిమిదో. ఎన్‌వీఎంఈకి నాలుగు చాలు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 స్లాట్‌లో అయినా నాలుగు లేన్ల మీద సెకనుకి 2 జీబీ వరకు వెళ్లే దారి ఉంటుంది, సాటా అనే పాత కనెక్షన్ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మీ ఎడిటింగ్‌కి తేడా బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఎన్‌వీఎంఈ డిస్క్ బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) బూట్ లిస్టులో కనబడలేదని కంగారు పడకండి. ఆ కాలపు బయోస్‌లలో చాలావాటికి ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు, దాని నుంచి బూట్ చేయలేవు. విండోస్ 10 ఎక్కాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, కొత్త డిస్క్ అక్కడ ‘ఇనిషియలైజ్ చేయనా’ అని అడుగుతూ ఉంటుంది, అడగకపోతేనే సమస్య. విండోస్‌ని ఇప్పుడున్న సాటా డిస్క్ మీదే ఉంచి, వీడియో ఫైళ్లు మాత్రం కొత్తదాంట్లో పెట్టుకోండి. కొన్నది నిజంగా ఎన్‌వీఎంఈ డిస్కేనా అనేది లేబుల్ మీద ఒకసారి చదవండి. ఎం.2 అనే ఇదే సన్నటి పట్టీ ఆకారంలో సాటా డిస్కులు కూడా ఉన్నాయి, అవి ఈ అడాప్టర్‌లో అస్సలు పలకవు. రెండు డిస్కులు పట్టే అడాప్టర్ అయితే మరో చిక్కుంది. బోర్డుకి ఒక స్లాట్ లేన్లను విడగొట్టి ఇచ్చే బైఫర్కేషన్ సౌకర్యం లేకపోతే మొదటి డిస్క్ ఒక్కటే కనబడుతుంది.

యూఎస్‌బీ కార్డు వెనక చిన్న పవర్ సాకెట్ ఉందేమో చూడండి. చాలామంది దాన్ని వదిలేస్తారు, తర్వాత హార్డ్ డిస్క్ పెట్టగానే వచ్చిపోతూ ఉంటే కార్డుని తిడతారు. విండోస్ 7 వాడుతుంటే డ్రైవర్ వేరుగా వేయాలి, 8 నుంచి లోపలే ఉంది.

ఇవన్నీ అయ్యాక పిన్నులు. మనది సముద్రపు గాలి తగిలే జిల్లా. 2018లో తిత్లీ తుఫాను వెళ్లాక పలాస వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన సిస్టమ్‌లు విప్పితే కార్డుల పిన్నుల అంచున ఆకుపచ్చ చిలుము కనబడేది, గోటితో గీస్తే పొడిలా రాలేది. రబ్బరు పెట్టి గట్టిగా రుద్దకండి, పైన బంగారు పూత చాలా పల్చన. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నూలు గుడ్డ తడిపి తుడిచి, ఆరాక పెట్టండి.

ప్రశ్న: అన్నా, విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నా. మావయ్య ఆఫీసులో తీసేసిన 2009 నాటి వర్క్‌స్టేషన్ ఇస్తే గ్రాఫిక్స్ కార్డు వేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్‌లో నో సిగ్నల్. కార్డుకి 6 పిన్ పవర్ కావాలంటే షాపులో సాటా కన్వర్టర్ ఇచ్చారు, అదే పెట్టాను.

జవాబు: తమ్ముడూ, ముందు సిస్టమ్ ఆపి ఆ కన్వర్టర్ తీసేయ్. 6 పిన్ కనెక్టర్ 75 వాట్ల కోసం పెట్టింది, సాటా ప్లగ్‌లో 12 వోల్టుల వైపు 54 వాట్లకి మించి లాగకూడదు. కార్డు లోడు మీద నడిచినప్పుడు ఆ ప్లగ్ కాగి కరుగుతుంది. కరిగి సాకెట్‌కి అతుక్కుపోయిన ప్లగ్‌ని కత్తిరించి తీసిన రోజు నాకు బాగా గుర్తు, ఆ వాసన రెండు రోజులు గది వదల్లేదు. నీ పవర్ సప్లైలో 6 పిన్ లేకపోతే స్లాట్ ఇచ్చే 75 వాట్ల మీదే నడిచే, విడిగా పవర్ అడగని కార్డు చూసుకో. అంత పాత బోర్డు కాబట్టి మరో కారణం కూడా ఉండొచ్చు, కొన్ని కొత్త కార్డులు యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఉన్న బోర్డు మీదే బూట్ అప్పుడు బొమ్మ చూపిస్తాయి. నీ కార్డుని ఫ్రెండ్ దగ్గర కొత్త సిస్టమ్‌లో పెట్టి చూడు. అక్కడ పనిచేస్తే కార్డు మంచిదే, నీ సిస్టమ్‌లో పాత కార్డు పెట్టుకుని బయోస్ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించు. అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

ప్రశ్న: రాజాంలో మాది తలుపులు చెక్కే సీఎన్‌సీ మెషిన్, కంప్యూటర్‌తో నడుస్తుంది. దాని పాత పీసీఐ కార్డు కొత్త కంప్యూటర్‌లో పట్టడం లేదు. కొద్దిగా అరగదీస్తే పడుతుందా?

జవాబు: అరగదీయకండి, దయచేసి. పీసీఐ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ పేర్లు మాత్రమే దగ్గర, స్లాట్లు వేరు, లోపల సిగ్నల్ నడిచే పద్ధతే వేరు. పీసీఐ కార్డుకున్న గాటు కూడా ఊరికే పెట్టలేదు, 5 వోల్టుల కార్డు 3.3 వోల్టుల స్లాట్‌లో దిగకుండా కాపలా అది. ఇలాంటి మెషిన్ కార్డులకి డ్రైవర్లు కూడా చాలావరకు ఎక్స్‌పీకో 32 బిట్ విండోస్ 7కో మాత్రమే దొరుకుతాయి. అందుకని పీసీఐ స్లాట్ ఉన్న పాత కంప్యూటర్ ఇంకొకటి కొని పక్కన ఉంచుకోండి, మీ పాత హార్డ్ డిస్క్ ఇంకా తిరుగుతున్నప్పుడే దాన్ని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించండి, ఈ వారంలోనే.