ఫ్రిజ్‌లో కూరగాయలు, ఫోన్‌లో ఆర్డర్లు: రెండు ఖర్చులూ మీవే

ప్రశ్న: నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆరోగ్యం కోసం కూరగాయలు ఎక్కువ ఉండేలా ఇంట్లోనే వండుకుందామని ప్రతి ఆదివారం వారానికి సరిపడా తెస్తాం. తీరా చూస్తే వారంలో ఐదు రాత్రులు ఆర్డరే. క్రెడిట్ కార్డు బిల్లులో సగం తిండి ఖర్చే ఉంటోంది. మూడు నెలలుగా మినిమం మాత్రమే కడుతున్నాం. ‘మన గంట విలువతో పోలిస్తే వంట చేసుకోవడం నష్టం, పైగా మంచి కూరగాయలు కూడా ఖరీదే’ అంటారు మావారు. ఎయిర్ ఫ్రయర్ వాయిదాల మీద కొంటే వంట సులువవుతుందని నా ఆలోచన. ఇంట్లో వండితే నిజంగా మిగులుతుందా? మిగిలితే ఆ డబ్బు ఏం చేయాలి?

జవాబు: మిగులుతుంది. కానీ మీరిప్పుడు చేస్తున్న పద్ధతిలో మిగలదు. అసలు కూరగాయలు కొనడం మానేసి ఏడు రాత్రులూ ఆర్డర్ పెట్టుకున్నా మీకు ఇంతకంటే తక్కువే అయ్యేలా ఉంది. కోపం తెచ్చుకోకుండా ఒక్కసారి ఈ లెక్క చూడండి.

ఇద్దరికీ ఒక రాత్రి ఆర్డర్ ఖర్చు 100 అనుకుందాం. అదే పూటకు ఇంట్లో సరుకుల ఖర్చు 40 అనుకుందాం. ఇవి ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే. ఆదివారం ఏడు రాత్రులకు సరిపడా తెచ్చారు కాబట్టి 280 అప్పుడే ఖర్చయింది. ఐదు రాత్రుల ఆర్డర్లకు 500. మొత్తం 780. ఏమీ తేకుండా ఏడు రోజులూ ఆర్డర్ పెట్టి ఉంటే 700తో పోయేది. ఐదు రాత్రులకు మాత్రమే సరుకులు తెచ్చి, ఆ ఐదూ వండుకుని, రెండు రాత్రులు ఆర్డర్ పెడితే 400. పప్పులు, నూనె లాంటివి పాడవవు కాబట్టి అసలు నష్టం కాస్త తక్కువే ఉండొచ్చు. అయినా వరస ఇదే. కూరగాయలు ఫ్రిజ్‌లో ఉండగా ఆర్డర్ పెట్టిన ప్రతి రాత్రీ మీరు రెండు డిన్నర్లకు డబ్బు కట్టి ఒకటే తింటున్నారు.

నా అంకెలు పక్కన పెట్టి మీ అంకెలు వేసుకోండి. ఆర్డర్ యాప్‌లో పాత బిల్లులు ఉంటాయి. గత నాలుగు వారాలవి తెరిచి, ఒక్కో బిల్లులో వంటకం ధర ఎంత, ప్యాకింగ్ ఎంత, డెలివరీ ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా రాయండి. జర్మన్ గణాంక నిపుణుడు ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లోనే గమనించిన విషయం ఒకటుంది: ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లో అది తగ్గకపోగా కార్డు బిల్లులో సగానికి చేరిందంటే, పెరిగింది మీ ఆకలి కాదు. ఎవరో వండి, సర్ది, తలుపు దాకా తెచ్చినందుకు మీరు కడుతున్న కూలి అది. ఆ కూలి ఇవ్వడం తప్పేమీ కాదు. ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

ఇక మీవారి మాట. మంచి కూరగాయలు ఖరీదే అన్నారు, నిజమే. అయితే ఆయన చూస్తున్నది కొన్న ధర. మీరిద్దరూ చూడాల్సింది తిన్న ధర. కిలో 100 పెట్టి కొన్నదానిలో సగం పారేస్తే మీరు తిన్నది కిలో 200 చొప్పున పడినట్టు. పక్కనే ఫ్రోజెన్ బఠాణీ ప్యాకెట్ కిలో 150 ఉందని వదిలేశారనుకోండి. అందులో వలవడానికి తొక్కు ఉండదు, కుళ్లి పారేసేదీ ఉండదు, కావలసినంత తీసి మిగతాది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు. ఈ లెక్కలో చవక అదే. ఫ్రోజెన్ అంటే పోషకాలు పోతాయన్న అనుమానం చాలామందికి ఉంటుంది. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు కాబట్టి, వారం రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన ‘తాజా’ కూరగాయతో పోలిస్తే అవేమీ తీసిపోవు. విటమిన్ సి విషయంలో కొన్నిసార్లు అవే నయం.

పారేయడం మీ ఒక్కరి జబ్బు కాదు లెండి. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో సుమారు 60 శాతం ఇళ్లలోనిదే. తలకు ఏడాదికి 79 కిలోలు.

గంట విలువ వాదన మాత్రం కాస్త తిప్పి చూడాలి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆయన గంటను నిజంగా ఎవరైనా డబ్బిచ్చి కొంటున్నారా? ఓవర్‌టైమో, ఫ్రీలాన్స్ పనో ఉండి, వంట వల్ల అది పోతుంటే ఆయన మాటే రైటు. ఆ రోజుల్లో తరిగిన కూరగాయలు కొనుక్కోండి, ఆర్డర్ కంటే తక్కువలో పోతుంది. నెల జీతమైతే ఆ గంటలో అదనంగా వచ్చేది సున్నా. పైగా ఏం తెప్పించుకోవాలో తేల్చుకోవడానికి పది నిమిషాలు, వచ్చేదాకా ఎదురుచూపు, ఆ తర్వాత డబ్బాలు కడిగి పారేయడం, ఇదీ టైమే. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

అయితే ఆయన వాదనలో ఒక నిజం దాగుంది. వంటకు ఖర్చు లేదని నేను అనను. అది ఎవరి ఒంటి మీద పడుతుందన్నదే ప్రశ్న. మిగిలే డబ్బు ఇద్దరిదీ, వండే ఓపిక మాత్రం మీ ఒక్కరిదీ అయితే ఈ ప్లాన్ మూడు వారాలు కూడా నిలబడదు. ఒకరు వండితే రెండోవారు గిన్నెలు, కౌంటర్ శుభ్రం చేయాలి. ఆదివారం కొనేటప్పుడు ఇద్దరూ వెళ్లాలి. డబ్బు సలహాదారుకు వంటింటి పంపకాలతో ఏం పని అనకండి. బడ్జెట్లు చెడేది ఎక్కువగా ఇక్కడే.

ఎంత కొనాలి? ఇందులోనే చాలామంది తప్పుతారు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంపలు ఆ లెక్కలోకి రావు. అందులో సగం రాత్రి భోజనంలోనే పూర్తి చేద్దామనుకుంటే మనిషికి 200 గ్రాములు, ఇద్దరికీ 400. ఐదు రాత్రులకు రెండు కిలోలు. తొక్కులు, కాడలు పోతాయి కాబట్టి రెండున్నర కిలోలు కొంటే చాలు. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని 2011లో హార్వర్డ్ ప్రజారోగ్య నిపుణులు ఒక పళ్లెం బొమ్మ గీసి చూపించారు. గ్రాములు తూచే ఓపిక లేని రోజున ఆ బొమ్మను గుర్తుంచుకుంటే సరిపోతుంది. మీ ఆదివారం సంచి ఎంత బరువుంటోందో ఈసారి తూచి చూడండి. ఐదు కిలోలు దాటితే ఆశ్చర్యపోను. ఆదివారం ఉదయం కడుపు నిండా తిని, మంచి మూడ్‌లో ఉన్న మనిషి కొంటాడు. బుధవారం రాత్రి అలిసిపోయిన మనిషి వండాలి. వీళ్లిద్దరికీ పరిచయం ఉండదు.

తెచ్చినవాటిలో ఏది ముందు పాడవుతుందో అది ముందు వండండి. ఆకుకూరలు మొదటి రెండు రాత్రుల్లో అయిపోవాలి. బీన్స్, కాలీఫ్లవర్ ఆ తర్వాత. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ లాంటివి చివరికి ఉంచినా ఏమీ కావు. కింది అరలో ఎక్కడో, ముడి విప్పని కవర్లో పాలకూర నీరుగారి నల్లబడి కనిపిస్తుంది చూడండి, అది ఆదివారం నాడు కవరు మూతి బిగించి పెట్టేసిన పాపం. తడి లేకుండా పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పెడితే ఇంకో రెండు రోజులు ఆగుతుంది. యాపిల్స్, అరటిపండ్లు, పండిన టమాటాలు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. వాటి పక్కన ఆకుకూర పెడితే తొందరగా పసుపెక్కుతుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఫ్రిజ్ బయట, ఒకదానికొకటి దూరంగా.

మీ అసలు శత్రువు రాత్రి ఎనిమిదింటి ఆకలి. ఆ సమయానికి ‘ఏం వండాలి’ అనే ప్రశ్న మిగిలి ఉంటే చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. అందుకే వారంలో రెండు రాత్రులకు ఆలోచన అక్కర్లేని భోజనం సిద్ధంగా ఉంచుకోండి. సెలవు రోజున శనగలో, రాజ్మానో ఎక్కువగా ఉడికించి ఒక్కో పూటకు సరిపడా డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెట్టండి. ఎండు గింజలు నానబెట్టి ఉడికిస్తే బరువు రెట్టింపు దాటుతుంది. మాంసకృత్తులు ఇంత చవకగా దొరికేవి తక్కువ. ఆ రాత్రి వెడల్పాటి పెనం మీద ఉల్లిపాయ, టమాటా, గుప్పెడు ఫ్రోజెన్ కూరగాయలు వేసి, ఉడికిన గింజలు కలిపితే పదిహేను, ఇరవై నిమిషాల పని. రుచి మహాద్భుతం అని చెప్పను. కానీ బయటి తిండిలో ఎంత నూనె, ఎంత ఉప్పు పడుతుందో మన చేతిలో ఉండదు, ఇక్కడ ఉంటుంది. ఎలాగూ పొయ్యి వెలిగించారు కాబట్టి రెండు పూటలకు చేయండి. వండింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

రెండు రాత్రుల ఆర్డర్ ఉంచమన్నాను కదా, అది దయతో కాదు. పూర్తిగా మానేస్తామని ఒట్టు పెట్టుకున్నవాళ్లు నెల తిరక్కుండా పాత లెక్కకే వస్తారు. ఆ రెండూ ఏ రోజులో ముందే అనుకోండి, ఆ రోజులకు కూరగాయలు కొనకండి.

ఇప్పుడు మిగిలే డబ్బు సంగతి. పెట్టుబడుల ఆలోచన ప్రస్తుతం వద్దు, మొత్తం కార్డు బాకీకే పోవాలి. మినిమం కడితే మిగతాదాని మీద వడ్డీ పడుతుందని మీకు తెలిసే ఉంటుంది. చాలా కార్డుల్లో ఇంకో మెలిక ఉంటుంది: పాత బాకీ పూర్తిగా తీర్చకపోతే కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే ఈ రాత్రి పెట్టిన ఆర్డర్‌కు ఈ రోజు నుంచే వడ్డీ మొదలు. అరిగిపోయిన డిన్నర్‌కు నెలల తరబడి వడ్డీ కడుతున్నారు. ఈ వడ్డీని మించి నికరంగా రాబడి ఇచ్చే పెట్టుబడి ఏదీ మీకు దొరకదు. అందుకే యాప్‌లోంచి ఈ రోజే క్రెడిట్ కార్డు వివరాలు తీసేయండి. ఆర్డర్లకు డెబిట్ కార్డో, నగదో మాత్రమే.

మిగిలిందాన్ని నెలాఖరుదాకా ఖాతాలో ఉంచకండి. ఉంచితే ఇంకేదో ఖర్చు దాన్ని మింగేస్తుంది, మీకు ‘ఇంట్లో వండినా ఏమీ మిగల్లేదు’ అనిపిస్తుంది. మీ లెక్కలో వారానికి ఎంత మిగలాలో అంత, వారం వారం ఒకే రోజున కార్డుకు కట్టేయండి. బాకీ తీరాక అదే మొత్తం, అదే రోజున అత్యవసర నిధిలోకి. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని మేమంతా చెబుతుంటాం కదా, ఖర్చు తగ్గితే ఆ లక్ష్యమే చిన్నదవుతుంది. నెల ఖర్చు 100 ఉన్న ఇంటికి 600 కావాలి, 85కు దిగితే 510 చాలు. దాచేది పెరుగుతూ, దాచాల్సింది తగ్గుతూ రావడం వల్ల అనుకున్నదాని కంటే ముందే అక్కడికి చేరతారు. రిటైర్మెంట్ లెక్కకూ ఇదే వర్తిస్తుంది.

ఒక్క మాట, కూరగాయలు తింటున్నాం కదా అని ఆరోగ్య బీమా ప్రీమియం ఆపేయకండి. అలా అడిగినవాళ్లు ఉన్నారు.

చివరగా ఎయిర్ ఫ్రయర్. ఇప్పుడు వద్దు. బాకీ ఉన్న కార్డు మీద ఇంకో వాయిదా ఎక్కించడమే అది. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉందేమో చూడాలి. పైగా మీకు అడ్డు పడుతున్నది వేయించే యంత్రం లేకపోవడం కాదు. పదునైన కత్తి, పెద్ద చాపింగ్ బోర్డు, మూతున్న వెడల్పాటి పెనం ఉన్నాయా? మొద్దుబారిన కత్తితో క్యాబేజీ తరగాలంటే ఎవరికైనా ఆర్డర్ పెట్టాలనే అనిపిస్తుంది. ముందు ఆ కత్తి సానబట్టించండి. కార్డు బాకీ తీరాక కూడా వారానికి ఐదు రాత్రులు వండుతూ ఉంటే, అప్పటికీ మనసు దాని మీదే ఉంటే, నగదు పెట్టి కొనుక్కోండి. కొనేముందు కౌంటర్ మీద చోటు కొలుచుకోండి, అవి కనిపించేదానికంటే పెద్దవి.