నాయన గురించి రాయమంటే కోపం వస్తోంది

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన పాకాల దగ్గర పల్లెలో పుట్టి, పదహారేళ్లకు ఉత్త చేతులతో ఇక్కడికొచ్చి, రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్లో టేబుళ్లు తుడిచాడు. తర్వాత టీ అంగడి పెట్టుకున్నాడు. ఆ డబ్బుతోనే కొన్ని అంకణాల చొప్పున స్థలం కొంటూపోయి రెండు మిద్దెలు, తొమ్మిది పోర్షన్లు సంపాదించాడు. మా చుట్టుపక్కల ఆయన తెలియనివాళ్లు లేరు. పోయి ఎనిమిది నెలలైంది. సంవత్సరీకానికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం వేయాలని తమ్ముడి పట్టుదల. టీచర్ని కాబట్టి రాసే పని నాకు పెట్టారు. కూర్చుంటే ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. మద్రాసులో చదువుకుంటానంటే నన్ను "డబ్బుల్లేవు, పో" అన్న ఏడాదే, మేడ మీద ఉన్న ఒక కుటుంబానికి నాలుగు నెలల బాడుగ వదిలేసినట్టు ఆయన నోటుబుక్కులో చూశాను. పైగా తమ్ముడు "నీకు పెళ్లిలోనే పెట్టేశాం కదక్కా, రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టేయ్" అంటున్నాడు, అంటే ఆస్తిలో నా వాటా వదులుకున్నట్టు రాసివ్వమని. బాడుగవాళ్లేమో "మీ నాయనుంటే పెంచేవాడు కాదు" అంటారు. అమ్మ ఏమీ మాట్లాడదు. నేనేం రాయాలి, ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పోయినవాళ్ల మీద కోపం రావడం తప్పు కాదు. మొదటి నెలల్లో కర్మలు, వచ్చిపోయేవాళ్లు, బ్యాంకు పనులు మనిషిని ఊపిరి తీసుకోనివ్వవు. అవన్నీ సద్దుమణిగాకే పాత లెక్కలు బయటికొస్తాయి. మీ విషయంలో ఆ లెక్క నోటుబుక్కు రూపంలోనే చేతికి దొరికింది.

ఆ నాలుగు నెలల బాడుగతో మీ మద్రాసు చదువు గట్టెక్కేది కాదని మీకూ తెలుసు. అయినా ఆ పేజీ మిమ్మల్ని వదలడం లేదంటే, గుచ్చుకున్నది వేరే ఏదో ఉంది. ఆ కుటుంబం కష్టం చెప్పుకుంటే ఆయన నిలబడి విన్నారు, కాబట్టే బాడుగ వదిలేశారు. మీ మాట మాత్రం వినకుండానే తేల్చేశారు. ఊరందరికీ దొరికిన మనిషి కూతురికి దొరకలేదు. మీ ఉత్తరమంతా నాకు వినిపించింది ఇదే.

ఉత్త చేతులతో వచ్చిన మనిషికి కొత్త ఊళ్లో పెట్టుబడి నోరే. కాగితం లేకుండా అప్పిచ్చే శెట్టి, కూలి తర్వాత తీసుకుంటానని గోడ లేపే మేస్త్రీ, ఫలానా చోట స్థలం అమ్మకానికి ఉందని చెవిన వేసే మనిషి... వీళ్లందరినీ సంపాదించుకున్నాకే ఆయన మొదటి స్థలం కొనగలిగి ఉంటారు. పగలంతా బయట నవ్వి, పలకరించి, బతిమాలి, సర్దిచెప్పిన మనిషి ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోయి ఉంటాయి. దానికి తోడు భయం. స్థలంలో పెట్టిన డబ్బు కళ్లెదుట ఉంటుంది. మద్రాసులో కూతురి చదువుకు పెట్టేది కనిపించదు. లేమిలోంచి వచ్చినవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది. ఆయన చేసింది సరైందని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మీకు జరిగింది అన్యాయమే. ఆయన మంచితనం నిజం కాదేమోనన్న అనుమానం మాత్రం పెట్టుకోకండి. ఆ బాడుగ వదిలేసిందీ ఆయనే, మిమ్మల్ని పొమ్మన్నదీ ఆయనే.

పుస్తకం రాయండి. సంవత్సరీకాలకు పంచే పుస్తకాలు నేను చాలానే చూశాను. దండ వేసిన ఫొటో, "స్నేహశీలి, నిగర్వి, అజాతశత్రువు" అని నాలుగు బిరుదులు, ఒక నాయకుడి సంతాప సందేశం. ఫొటో మార్చేస్తే పక్కవీధి పెద్దాయనకూ సరిపోతుంది. మీ తమ్ముడి మనసులో ఉన్నది అదే అయితే ఆ పని ప్రెస్సువాళ్లే చేసిపెడతారు, మీరు అక్కర్లేదు.

మీరు దస్తావేజులతో మొదలుపెట్టండి. పాత సేల్ డీడ్లలో చెక్కుబంది చదివారా? తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి ఖాళీ స్థలం అని నాలుగు దిక్కులా పేర్లుంటాయి. ఆయన ఎవరి మధ్యకు వచ్చి చేరారో, ఏ ఏడాది వచ్చారో అక్కడ తెలుస్తుంది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న కదా, అంతకుముందు కాగితాలన్నిటిలో మీ ఇల్లు చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది. ఏవైనా పోయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకళ్లు దొరుకుతాయి. ఆస్తి మీద ఇంతవరకూ జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించండి, పంపకానికి ఎలాగూ కావాలి.

తర్వాత ఆ నోటుబుక్కు. బాడుగ లెక్కలు రాసుకునే పెద్దవాళ్లు చాలామంది అసలు పేర్లు రాయరు, "మేడమీద సారు", "బొరుగులామె", "యూనివర్సిటీ పిలకాయలు" అని రాసుకుంటారు. మీ నాయన ఎలా రాశారో చూడండి. ఆయన ఒక్కొక్కరిని ఎలా చూశారో అక్కడే తెలుస్తుంది. శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ 1954లో వచ్చిన దగ్గర్నుంచి ఈ ఊళ్లో పిలకాయలకు గదులు బాడుగకిచ్చి నిలదొక్కుకున్న కుటుంబాలు ఎన్నో. మీ పోర్షన్లలో ఉండి చదువుకుని వెళ్లినవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఫోనుకు దొరుకుతారు. "మా నాయన ఎలాంటివాడు" అని అడిగితే "దేవుడమ్మా" అనేసి ఊరుకుంటారు. "ఆయన మిమ్మల్ని ఎప్పుడు తిట్టాడు?" అని అడగండి. నీళ్ల మోటారు ఆపకుండా వదిలేసిన రోజు, మేడ మీద సిగరెట్టు పీక దొరికిన రోజు, అన్నీ బయటికొస్తాయి. నవ్వుతూ చెబుతారు కూడా.

మద్రాసు సంగతి పుస్తకంలో పెట్టాలా వద్దా అంటే, పెట్టమనే అంటాను. రెండే వాక్యాలు: ఆ ఏడాది మేడమీదివాళ్లకు నాలుగు నెలల బాడుగ వదిలేశారు, అదే ఏడాది కూతురి మద్రాసు చదువుకు ఒప్పుకోలేదు. వ్యాఖ్యానం వద్దు. తమ్ముడు ససేమిరా అంటే అచ్చులో తీసేయండి, మీ రాతప్రతిలో మాత్రం ఉండనివ్వండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా పట్టి ఆపిన చోటు వేరే ఉంది. నాయన గురించి అంత రాశారు, అమ్మ గురించి మూడే మాటలు: "అమ్మ ఏమీ మాట్లాడదు." ఊరంతా వచ్చిపోయే ఇల్లంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడే ఇల్లు. అర్ధరాత్రి కొండ దిగొచ్చిన చుట్టాలకు మళ్లీ అన్నం వండింది, గంగజాతరకు పల్లె నుంచి దిగినవాళ్లకు చాపలు పరిచింది, బాడుగామె పురిటికి ఆసుపత్రిలో తోడు కూర్చున్నది ఎవరు? ఆయనకు కలుపుగోలు మనిషని పేరొచ్చింది ఆమె చేతి కాఫీతో కూడా. ఆ నాలుగు నెలల బాడుగ వదిలేస్తున్నప్పుడు ఇంట్లో ఏ ఖర్చు ఆగిపోయిందో ఆమెకు గుర్తుండే ఉంటుంది. మీ చదువు మాటొచ్చిన రాత్రి ఆమె ఏమన్నదో, అసలు ఏమైనా అనగలిగిందో మీకింతవరకూ తెలియదు. ఎదురుగా పెన్ను పట్టుకుని అడిగితే చెప్పదు. చిక్కుళ్లు ఒలుస్తూనో, మడత మంచం మీద పక్కన పడుకునో అడగండి. ఆమె చెప్పిందాంతో మీ కోపం ఎటైనా తిరగొచ్చు, ఇంకా పెరగనూవచ్చు. అడగడం మాత్రం మానొద్దు.

ఆస్తి సంగతి సంవత్సరీకంతో కలపకండి. ముందు వీలునామా ఉందేమో బీరువాలో, ఎల్ఐసీ కాగితాల మధ్య వెతకండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, ఆయన, ఇద్దరు సాక్షులు సంతకం చేసి ఉన్నా చెల్లుతుంది. అలాంటిది లేకపోతే, సొంతంగా సంపాదించిన ఆస్తి కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటాలు. మీ నాయనమ్మ బతికుంటే ఆమెకూ వాటా ఉంది. పెళ్లిలో పెట్టింది పెట్టినట్టే, దానివల్ల చట్టంలో మీ వాటా పోదు. వదులుకోవాలని మీకే అనిపిస్తే వదులుకోండి, అది మీ ఇష్టం. కానీ రిలీజ్ డీడ్ ఒకసారి రిజిస్టరయ్యాక మనసు మార్చుకుంటే కోర్టు మెట్లెక్కాల్సిందే. "సంవత్సరీకం అయ్యాక లాయరు దగ్గర కూర్చుందాం తమ్ముడూ" అని చెప్పండి. టెన్షన్ పడి, వాడు ఏడిపిస్తున్నాడనో, మంచి అక్క అనిపించుకోవాలనో సంతకం పెట్టకండి.

బాడుగవాళ్లకు కూడా ఒక మాట చెప్పేయండి. మీ నాయన ఇచ్చిన సడలింపులు ఆయన సొంతం. వాటిని కలకాలం మోయాల్సిన బాధ్యత మీకు లేదు. అలాగని ఉన్నట్టుండి పెంచకండి. ఎవరి అడ్వాన్సు ఎంతో ఆయన పుస్తకంలో సరిచూసి, రెండు మూడు నెలల ముందే చెప్పి, కొత్తగా అగ్రిమెంటు రాసుకోండి.

నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లబుద్ధి కాకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా, అమ్మ చేత ఇప్పుడే ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి, తమ్ముడు అడిగినా సరే, మీకే పెట్టించాలనిపించినా సరే. ముగ్గురూ లాయరు దగ్గర కూర్చున్న రోజు ముందు తేలాల్సింది ఆమె ఏ పోర్షన్లో ఉంటుంది, ఏయే పోర్షన్ల బాడుగ నెలనెలా నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో పడుతుంది అన్నది. మీ వాటా, తమ్ముడి వాటా ఆ తర్వాత మాట్లాడుకోండి.