బిట్‌స్ట్రీమ్, పీసీఎం, అప్‌స్కేలింగ్: మీ ప్రశ్నకు సమాధానం
డీవీడీ ప్లేయర్ ఆడియో సెట్టింగులో బిట్‌స్ట్రీమ్ పెడితే కొన్ని డీవీడీలకు టీవీలో శబ్దం రావడం లేదని, పీసీఎం పెడితే వస్తోందని రాశారు. ప్లేయర్ చెడిపోలేదు. బిట్‌స్ట్రీమ్ ఎంచుకున్నప్పుడు డిస్కులోని డాల్బీ లేదా డీటీఎస్ (శబ్దాన్ని కుదించి భద్రపరిచే పద్ధతులు) శబ్దాన్ని ప్లేయర్ డీకోడ్ చేయకుండా, అంటే విప్పకుండా, ఉన్నదున్నట్టుగా పంపుతుంది. చాలా టీవీలకు డీటీఎస్‌ను డీకోడ్ చేసే ఏర్పాటు ఉండదు కనుక, ఆ ట్రాక్ నడుస్తున్నప్పుడు బొమ్మ కనిపిస్తున్నా మాట వినిపించదు. పీసీఎం (విప్పిన మామూలు డిజిటల్ శబ్దం) పెడితే ఆ డీకోడింగ్ పని ప్లేయరే చేస్తుంది కాబట్టి, విడిగా రిసీవర్ (శబ్దాన్ని డీకోడ్ చేసి స్పీకర్లకు పంపే పరికరం) అమర్చుకునేదాకా దానినే ఉంచండి. అన్నట్టు, బిట్‌స్ట్రీమ్‌లోనే ఉంచి డిస్కు మెనూలో డాల్బీ ట్రాక్ ఎంచుకున్నా సాధారణంగా సరిపోతుంది.

మీరడిగిన 1080పీ అప్‌స్కేలింగ్ అంటే, 720×576 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) పాల్ (PAL అనే టీవీ ప్రమాణం) డీవీడీ బొమ్మను 1920×1080కి పెంచడమే; డిస్కులో లేని వివరాన్ని అది పుట్టించలేదు. ప్లేయర్ అమ్మే పెట్టె మీద ఆ మాటను పెద్ద అక్షరాలతో అచ్చువేయడం నా దృష్టిలో కొంత అతిశయమే.